ముఖం మాది, చెయ్యి ఎవరిది?

మా నానీమాకి ఒక్కటే ఫొటో ఉంది. పెళ్లిలో తీసింది కాదు, పండక్కి తీసింది కాదు. ఓటరు కార్డు మీద ఉన్న ఫొటో. 1993లో, శేషన్ ఎన్నికల ప్రధాన కమిషనర్‌గా ఉన్నప్పుడు ఫొటో గుర్తింపు కార్డులు మొదలయ్యాయి. రెండు మూడేళ్లకి శ్రీకాకుళంలో మా వీధి వంతు వచ్చింది. నలుపు తెలుపు బొమ్మ, తపాలా బిళ్ల కన్నా కాస్త పెద్దది. వెలుతురు ఎక్కువై ముక్కు చెరిగిపోయింది. పేరులో ఒక అక్షరం తప్పు, తాత పేరులో రెండు తప్పులు, వయసు అయిదేళ్లు తక్కువ. కార్డు మొత్తం మీద ముఖం ఒక్కటే ఆమెది.

డెబ్బై దాటి బతికిన మనిషిని ఈ లోకం బొమ్మ తీసింది ఆ ఒక్కసారే. ముచ్చటపడి తీసింది కూడా కాదు. నువ్వు నువ్వేనని రుజువు చూపించమని సర్కారు తీసింది. మా ఇళ్లల్లో చాలామంది ముసలమ్మలకి ఇదే మొదటి బొమ్మ, ఇదే ఆఖరి బొమ్మ.

ఇరవై ఏళ్లకు పైగా ఆ కార్డు అమ్మీ ట్రంకుపెట్టె అడుగున ఉంది. ఈమధ్య మా ఆపా కూతురు దాన్ని బయటికి తీసింది. ఆ పిల్ల విశాఖలో బొమ్మలు వేయడం నేర్చుకుంటోంది. వాళ్లకి ఒక పని ఇచ్చారట. ఇటలీ పునరుజ్జీవన కాలంలో గీసిన స్త్రీల చిత్తరువు ఒకటి తీసుకుని, దాన్ని మీ కాలానికీ మీ ఊరికీ తెచ్చి మళ్లీ గీయండి అని. తోటిపిల్లలు మోనాలీసా చేతికి సెల్‌ఫోన్ ఇచ్చారు. ఒకరు జీన్స్ తొడిగారు. మా పిల్ల లియోనార్డో గీసిన గినెవ్రా దె బెంచి బొమ్మని ఎంచుకుంది. ఆ కూర్చున్న తీరులో నానీమాని కూర్చోబెడతానంది. ఏడాది చివర ప్రదర్శనలో పెడతానంది.

ఇంట్లో గొడవైంది. నానీమా పెద్దకొడుకు, మా మామూ, విజయనగరంలో ఉంటాడు. సంగతి తెలిసిన మర్నాడే బస్సెక్కి వచ్చేశాడు. "మా అమ్మ చాదర్ లేకుండా గడప దాటి ఎరగదు. ఆమెని నువ్వు గోడకి తగిలించి పదిమంది మొగాళ్ల ముందు నిలబెడతావా బేటీ?" అన్నాడు. పిల్ల తల దించుకునే జవాబిచ్చింది. "నిలబెట్టకపోతే అలాంటి మనిషి ఒకామె ఉండేదని ఎవరికి తెలుస్తుంది నానా?"

మేం ఇద్దరి మధ్యా కూర్చున్నాం. ఇద్దరూ మావాళ్లే. ఇద్దరి మాటలోనూ న్యాయం కనిపించింది. పత్రికలో పనిచేసేవాళ్లం కాబట్టి ఇట్లాంటి తగువుల మీద మేం చాలానే రాశాం. అవి ఎక్కడో ఊళ్ల తగువులు. ఇది మా ట్రంకుపెట్టె తగువు. చనిపోయిన ఆడమనిషి ముఖం ఎవరిది? చూపించే హక్కు ఎవరిది, దాచే హక్కు ఎవరిది? ఆ రాత్రి నుంచి ఈ ప్రశ్న మమ్మల్ని వదల్లేదు.

ముందు ఆ ఇటలీ ఆడవాళ్ల సంగతి చూద్దాం. మనిషి తనని తాను కనుక్కున్న కాలం అని పునరుజ్జీవనాన్ని పొగుడుతారు. మొగవాడు కనుక్కున్నాడేమో. పదిహేనో శతాబ్దపు ఫ్లారెన్స్‌లో ఇంటి ఆడవాళ్లని ఎక్కువగా పక్కనించే గీసేవారు. ఒక చెంప, ఒక కన్ను, పొడుగాటి మెడ, మెడలో నగ. మనం ఆమెని చూడొచ్చు, ఆమె మనల్ని చూడదు. పెళ్లికో, పెళ్లి తరవాతో ఆ బొమ్మలు గీయించేవారు. గీయించేది తండ్రి, లేకపోతే భర్త. ఆ నగ, ఆ జరీ, ఆ పట్టు ఏ ఇంటి సొత్తో చూసేవాళ్లకి తెలియాలి. ఆమె కూడా ఆ సొత్తులో భాగమే.

గిర్లాందాయో గీసిన జొవాన్నా తోర్నబువోని బొమ్మ మాడ్రిడ్‌లో ఉంది. దాని మీద 1488 అని సంవత్సరం వేసి ఉంది. ఆమె కడుపుతో ఉండగా చనిపోయిన సంవత్సరం అదే. అప్పటికి ఆమెకి ఇరవై ఏళ్లు నిండలేదు. బొమ్మలో మాత్రం నిటారుగా, మచ్చ లేకుండా నిలబడి ఉంటుంది. కాన్పుల్లో పోయిన పిల్లల కథలు మా ఇళ్లల్లోనూ ఉన్నాయి. వాళ్లకి బొమ్మలు లేవు, అంతే తేడా.

మా పిల్ల ఎంచుకున్న గినెవ్రా అంతకు పదేళ్ల ముందటిది. లియోనార్డో అప్పుడు ఇరవైల్లో ఉన్న కుర్రాడు. అతను ఆమెని మనవైపు తిప్పాడు. ఫ్లారెన్స్‌లో ఒక ఆడమనిషి బొమ్మలోంచి బయటికి చూడడం అప్పటికి కొత్త. ఆమె మొహంలో నవ్వు లేదు. ఎవర్నో సహిస్తున్నట్టు చూస్తుంది. ఆమె కవిత్వం రాసేదట. రాసినదాంట్లో ఒక్క పంక్తి మిగిలింది. బొమ్మకి మాత్రం ఖరీదు కట్టి 1967లో అమెరికావాళ్లు కొనుక్కున్నారు, ఇప్పుడు వాషింగ్టన్‌లో ఉంది. ఇంకో సంగతి. ఆ బొమ్మ అడుగుభాగాన్ని ఎప్పుడో ఎవరో కోసేశారు. ఆ ముక్కలోనే ఆమె చేతులు ఉండేవని పండితులు అంటారు. ఆమె మాట పోయింది, చెయ్యి పోయింది. ముఖం మిగిలింది.

లియోనార్డోయే గీసిన ఇంకొకామె చెచీలియా గలెరాని. చేతుల్లో తెల్లటి ముంగిసలాంటి జంతువుని పట్టుకుని ఉంటుంది. పోలండ్‌లో క్రాకోలో ఉందా బొమ్మ. 1498లో ఇసబెల్లా దెస్తే అనే దొరసాని ఆ బొమ్మ చూసి ఇస్తానని అడిగి తెప్పించుకుంది. చెచీలియా బొమ్మతోపాటు ఒక ఉత్తరం పంపింది. ఇది ఇప్పుడు నాలా లేదు, తప్పు చిత్రకారుడిది కాదు, అప్పుడు నేను చిన్నపిల్లని, ఇప్పుడు మారిపోయాను అని దాని సారాంశం. అన్ని బొమ్మల మధ్యా మాకు ఈ ఉత్తరమే విలువైనదిగా తోచింది. తన ముఖం గురించి తను చెప్పిన మాట అది. బొమ్మ నేను కాదు అనగలిగింది.

మోనాలీసా సంగతి మీకు చెప్పనక్కర్లేదు. అయినా ఒకటి రెండు చెబుతాం. ఆమె లీసా గెరార్దీని, పట్టు వర్తకుడి భార్య. 1503లో మొదలైన బొమ్మ ఆమె ఇంటికి ఎన్నడూ చేరలేదు. చిత్రకారుడితోపాటు ఫ్రాన్స్ వెళ్లిపోయింది. లోకమంతా చూసిన ముఖాన్ని ఆ ఇంటివాళ్లు గోడ మీద చూసుకోలేదు. ఆమె జుట్టు మీద ఒక పల్చటి మేలిముసుగు ఉంది, చాలామంది గమనించరు. 2004లో శాస్త్రజ్ఞులు బొమ్మని యంత్రాలతో పరీక్షించారు. బట్టల మీద గాలిలాంటి పల్చటి వస్త్రం కూడా ఉందని, గర్భిణులో బాలింతలో వేసుకునేలాంటిదని 2006లో చెప్పారు. ప్రపంచంలో అందరికన్నా ఎక్కువమంది చూసిన ఆడమనిషి తల మీద ముసుగుతోనే కూర్చుని ఉంది. ఆమెని ఎవరూ అదేమిటని అడగరు.

"ఇదంతా ఫిరంగీల పని, మనకెందుకు?" అన్నాడు మామూ. అక్కడ మామూతో మాకు పేచీ ఉంది. జెంతీలే దా ఫాబ్రియానో 1423లో గీసిన ఒక పెద్ద బొమ్మ ఫ్లారెన్స్‌లో ఉంది. అందులో మరియమ్మ తల వెనక బంగారు వలయం మీద అరబ్బీ అక్షరాల్లాంటి గీతలు చెక్కి ఉంటాయి. అవి చదవడానికి రావు. మన దేశాల నుంచి వెళ్లిన పట్టుగుడ్డల అంచుల్నీ ఇత్తడి పళ్లేల్నీ చూసి, పవిత్రమైనదేదో అనుకుని అనుకరించారు. మరియమ్మ మా ఖురాన్‌లో కూడా ఉంది. ఆమె పేరున ఒక సూరా ఉంది. చిన్నప్పుడు క్రిస్మస్‌కి పక్కింటివాళ్లు కేకు ఇస్తే, నానీమా వాళ్ల గోడ మీద క్యాలెండర్ చూసి, "మరియం బీబీ. తల మీద ఓఢ్నీ చూడు, ఎంత చక్కగా కప్పుకుందో" అనేది. ఇటలీలో పుట్టిన ఆ బొమ్మల వంశమే పొందూరు దాకా, ఆమదాలవలస దాకా క్యాలెండర్ల మీద వచ్చింది. నానీమా దాన్ని పరాయిదనుకోలేదు.

ఇంకా ఉంది. ఐరోపా అచ్చుబొమ్మలు పాదరీలతోపాటు మొగలు దర్బారుకి వచ్చాయి. 1600 ప్రాంతంలో అబుల్ హసన్ అనే పదమూడేళ్ల కుర్రాడు డ్యూరర్ బొమ్మని చూసి తనదిగా మళ్లీ గీశాడు. ఆ చిత్రశాలల్లో ఆడవాళ్లూ ఉన్నారు. నాదిరా బాను ఐరోపా అచ్చుబొమ్మల్ని చూసి గీసింది. నీనీ అనే ఆమె సెయింట్ సిసీలియా బలిదానాన్ని గీసింది. తన పేరుతో ఉన్న ఆ బొమ్మ ఇప్పుడు లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. ఫిరంగీల స్త్రీ బొమ్మని ఒక ముస్లిం చిత్రశాలలో ఒక స్త్రీ తన చేత్తో మళ్లీ గీయడం నాలుగు వందల ఏళ్ల కిందటే జరిగిపోయింది. మా పిల్ల కొత్తగా చేస్తున్నదేం లేదు. మధ్యలో తెగిన దారాన్ని ముడి వేస్తోంది.

అయితే మతం మాటేమిటి? జీవమున్న వాటి బొమ్మలు గీయకూడదని హదీసులు ఉన్నాయి. వాటిని దాచి మాట్లాడడం మాకు ఇష్టం లేదు. వాటి అర్థం మీద ఉలమాలు ఒక్క మాట మీద లేరన్నది కూడా నిజమే. అల్లా పేర్లలో అల్‌ముసవ్విర్ ఒకటి, రూపమిచ్చేవాడు అని. ఉర్దూలో చిత్రకారుణ్ణి కూడా ముసవ్విర్ అనే అంటాం. ఒకే మాట అక్కడా ఇక్కడా ఉండడంలోనే ఆ భయమూ ఉంది, ఆ ఆశా ఉంది. ఇక బతుకు దగ్గరకొస్తే, ఓటరు కార్డుకి ఫొటో జరూరత్ కింద ఒప్పుకున్నాం. హజ్‌కి పాస్‌పోర్టు కావాలి, పాస్‌పోర్టుకి ముఖం కావాలి. ఆ హజ్‌లోనే ఇహ్రాంలో ఉన్న స్త్రీ నఖాబ్ వేసుకోకూడదని ఫిఖహ్ పుస్తకాలే చెబుతాయి. సర్కారు అడిగితే చూపించాం, దేవుడి ఇంట్లో తెరిచాం. సొంత మనవరాలు అడిగితే మాత్రం హరాం అంటున్నాం. ఈ లెక్క ఎక్కడో తప్పుతోంది.

ఇప్పుడు మీతో, తెలుగు పాఠకులతో ఒక మాట.

శ్రీకాకుళంలో పుట్టిన గొప్ప చిత్రకారుడు వడ్డాది పాపయ్య. 1921లో పుట్టి 1992లో పోయారు. మా తరంవాళ్లకి బొమ్మ అంటే ఆయనే. చందమామ అట్టలు చూసి రంగులు నేర్చుకున్నాం. యువ అట్టల మీద ఆయన గీసిన నాయికల్ని చూసి మా ఆపా అద్దం ముందు అట్లా మెడ వంచుకునేది. బొబ్బిలిలో పుట్టి విజయనగరంలో ఎందరికో కుంచె పట్టడం నేర్పిన అంట్యాకుల పైడిరాజు పల్లెటూరి ఆడవాళ్లని గీశారు. ఆ చేతులు, ఆ కడవలు, ఆ కొప్పులు మా కళ్ల ముందువే. వాళ్లిద్దరూ మా ఊళ్ల వాళ్లని మేం గర్వంగానే చెప్పుకుంటాం.

కానీ ఆ బొమ్మల్లో మేం నానీమాని వెతికాం. మా ఇంటికొచ్చిన పుస్తకాల్లో ఆమె దొరకలేదు. పొందూరు చీర కట్టి, దాని మీద తెల్ల చాదర్ కప్పి, నాగావళి ఒడ్డున నడిచిపోయే ముసలమ్మ ఏ అట్ట మీదా లేదు. తెలుగు స్త్రీ అనగానే మీ మనసులో ఒక బొమ్మ పడుతుంది. పెద్ద కళ్లు, నుదుట బొట్టు, తల్లో పూలు. ఆ బొమ్మకి ఒక చిత్రకారుడి పేరు పెట్టి మరీ పిలుచుకుంటారు. ఆ బొమ్మ అందమైనదే. అందులో బొట్టు లేని మా అమ్మకి చోటెక్కడ? షేర్ మహమ్మద్ ఖాన్ శ్రీకాకుళంలో జామియా మసీదు కట్టించింది పదిహేడో శతాబ్దంలో. అప్పట్నుంచి లెక్కేసినా మూడున్నర వందల ఏళ్లు దాటింది. ఇన్నేళ్లుగా ఈ నీళ్లు తాగి, ఈ భాషలో తిట్టుకుని, ఈ భాషలో ఏడ్చినవాళ్లం మీ చిత్తరువులో ఎందుకు పట్టలేదు?

మేం అసలు లేమని కాదు. సినిమాల్లో ఉన్నాం. 1949లో భానుమతి లైలా అయింది, 1955లో అంజలీదేవి అనార్కలి అయింది. ప్రేమ కోసం చావాలి, లేకపోతే దర్బారులో ఆడాలి. వార్తల్లోనూ ఉన్నాం. మేం ఒక పత్రికలో పనిచేసేటప్పుడు రంజాన్ వస్తే చాలు, బుర్ఖాలో కళ్లు మాత్రమే కనపడే ఫొటో ఉంటే బాగుంటుంది అనేవాళ్లు. మా ఖాలా చెరుకు కొట్టు దగ్గర బేరమాడుతున్న ఫొటో ఇస్తే, ఇందులో ముస్లిం ఎక్కడున్నారు అని అడిగారు. ఎగతాళిగా అడగలేదు పాపం, నిజంగానే అడిగారు. అదే మమ్మల్ని ఎక్కువ బాధించింది. అయితే దర్బారు జరీ, లేకపోతే నల్ల ముసుగు. రెంటి మధ్యా బతికే లక్షలమంది ఆడవాళ్లకి బొమ్మ లేదు.

పోలండ్‌లో ఎవా యుష్కియెవిచ్ అనే చిత్రకారిణి ఉంది. 1984లో పుట్టింది. పాతకాలపు ఐరోపా స్త్రీల చిత్తరువుల్ని తీసుకుని, అదే పద్ధతిలో, అదే మెరుగుతో మళ్లీ గీస్తుంది. బట్టలూ చేతులూ అన్నీ అలాగే ఉంటాయి. ముఖం మాత్రం ఉండదు. ముఖం మీద గుడ్డ చుట్టి ఉంటుంది, లేకపోతే జుట్టు, లేకపోతే ఆకులు. ఆ బొమ్మల్లోని ఆడవాళ్లందరికీ ఒకే రకం అందం పులిమి వాళ్ల మనిషితనాన్ని చెరిపేశారు కదా, ఆ సంగతి మీకు తగలాలంటే ముఖాన్నే కప్పేస్తాను అన్నట్టుంటుంది ఆమె పని. ఆ బొమ్మలు ప్రపంచమంతా తిరుగుతున్నాయి. చూసినవాళ్లు నిరసన అంటున్నారు, ధైర్యం అంటున్నారు. మేమూ అదే అంటాం.

కానీ మాకు నవ్వొచ్చింది కూడా. కాన్వాస్ మీద ఆడమనిషి ముఖానికి గుడ్డ చుడితే నిరసన. బస్టాండులో మా ఖాలా ముఖానికి గుడ్డ చుట్టుకుంటే వెనకబాటు. ఆ గుడ్డకి ఏ అర్థం ఉందో మా ఖాలాని ఎవరూ అడగరు. లౌకికవాద మిత్రులు అడక్కుండానే జాలిపడతారు. ఇంకొందరు అడక్కుండానే భయపడతారు.

ఇక్కడితో ఆపితే మీ మీద గెలిచినట్టుంటుంది. ఆపలేం. ఎందుకంటే మా ఖాలాని మేం కూడా అడగలేదు. చుట్టుకోమన్నాం. యుష్కియెవిచ్ ఆ గుడ్డని తన కుంచెతో తాను చుట్టింది. మా ఇళ్లల్లో ఎన్నిసార్లు ఆ గుడ్డ అన్న చేతిలోంచి, మామ చేతిలోంచి, వీధి చివర కుర్రాళ్ల చూపులోంచి వచ్చింది? గుడ్డ ఒకటే. చుట్టిన చెయ్యి వేరు. ముసుగు తీసేస్తే విముక్తి అనేవాళ్లూ, వేస్తే పరువు అనేవాళ్లూ ఇద్దరూ గుడ్డ గురించే మాట్లాడుతున్నారు. చెయ్యి గురించి ఎవరూ మాట్లాడరు.

ఈ చెయ్యి సంగతి తేల్చుకోవడానికి ఎం.ఎఫ్. హుస్సేన్ దగ్గరకి పోవాలి. హుస్సేన్‌కి ఏడాదో రెండేళ్లో ఉన్నప్పుడు తల్లి పోయింది. ఆమె ముఖం ఆయనకి గుర్తు లేదు, ఫొటో కూడా లేదు. ఆయన బొమ్మల్లో ఎంతోమంది ఆడవాళ్లకి కళ్లూ ముక్కూ ఉండవు. మదర్ థెరిసాని గీసినా నీలం అంచు తెల్లచీర ఉంటుంది, లోపల చీకటి ఉంటుంది. 2000లో ఆయన తీసిన గజగామిని సినిమాలో మాధురీ దీక్షిత్ కాశీ పిల్ల అవుతుంది, శకుంతల అవుతుంది, మోనాలీసా కూడా అవుతుంది. ఎనభై నాలుగేళ్ల ముసలాయన ఒక ముఖం కోసం ఇటలీ దాకా వెతుక్కుంటూ పోయాడని మాకు అనిపించింది.

హైదరాబాద్‌కి ఆయన సొంతవాడే. లోహియా చెబితే, బద్రీవిశాల్ పిత్తీ ఇంట్లో ఉండి రామాయణం బొమ్మలు గీశాడు. బంజారాహిల్స్‌లో సినిమా ఘర్ కట్టించాడు. 1970లలో గీసిన సరస్వతి బొమ్మ మీద 1996లో గొడవ లేచింది. 1998లో ముంబయిలో ఆయన ఇంటి మీద పడ్డారు. కేసుల మీద కేసులు పెట్టారు. 2006లో దేశం విడిచిపోయాడు. 2008లో ఢిల్లీ హైకోర్టు కేసులు కొట్టేసినా తిరిగి రాలేదు. 2010లో ఖతర్ పౌరుడయ్యాడు, 2011 జూన్‌లో లండన్‌లో కన్నుమూశాడు. అప్పుడు మేం ఆయన పక్కన నిలబడి రాశాం. కళాకారుడి చెయ్యి పట్టుకునే హక్కు ఎవరికీ లేదని రాశాం.

2004లో ఏమైంది? ఆయనే హైదరాబాద్ నేపథ్యంగా మీనాక్షి అని సినిమా తీశాడు. అందులో ఒక కవ్వాలీలో ఖురాన్ మాటలు వాడారని మా మతపెద్దలు కొందరు లేచారు. ఆయన థియేటర్ల నుంచి సినిమాని వెనక్కి తీసుకున్నాడు. సరస్వతి విషయంలో స్వేచ్ఛ గురించి గొంతు చించుకున్న మాలో చాలామంది మీనాక్షి విషయంలో గొంతు తగ్గించాం. ఆ రోజు మేం పోగొట్టుకున్నది చిన్నది కాదు. మన దేవతల్ని గీయడానికి వాడెవడు అని వాళ్లడిగారు, మన వాక్యాల్ని పాడించడానికి వాడెవడు అని మేం అడిగాం. ప్రశ్న ఒక్కటే.

ఆ ప్రశ్నని పూర్తిగా కొట్టిపారేయం. ఇంకొకరి ముఖాన్ని చేతిలోకి తీసుకునేవాడికి ఒక బాధ్యత ఉంది. గినెవ్రాని ఎవరూ అడగలేదు, లీసాకి బొమ్మే అందలేదు. కానీ బాధ్యత వేరు, అనుమతి పత్రం వేరు. బాధ్యత గీసేవాళ్ల మనసులో ఉంటుంది. అనుమతి పత్రం ఎప్పుడూ మంద చేతిలో ఉంటుంది. ఆ మందలో ఆ స్త్రీ తప్ప అందరూ ఉంటారు.

మరి నానీమా విషయంలో ఏం చెయ్యాలి? ఆమె లేదు, అడగలేం. చెచీలియాలా ఉత్తరమూ రాయలేదు. ఇట్లా మేం తర్కించుకుంటూ ఉండగా, అంతదాకా వంటింట్లోంచి వింటున్న అమ్మీ వచ్చి కూర్చుంది.

"కార్డు ఫొటో తీసిన రోజు నేనున్నాను" అంది. బడి వరండాలో ఆడవాళ్ల వరస. కెమెరా పట్టుకున్న కుర్రాడు "ముసుగు కొంచెం తియ్యమ్మా" అన్నాడట. మామూకి కోపం వచ్చి, ఓటూ వద్దు కార్డూ వద్దు, ఇంటికి పద అన్నాడట. నానీమా కదల్లేదు. "ఉండరా. రేపు నేను పోతే నా మొహం ఎవరికి గుర్తుంటుంది?" అని, చాదర్ తానే చెవి వెనక్కి సర్దుకుని, కుర్రాడి వైపు సూటిగా చూసిందట. ఫొటో అయ్యాక చాదర్ తానే మళ్లీ లాక్కుందట. కార్డు వచ్చాక పాన్‌దాన్‌లో పెట్టుకుంది. మధ్యాహ్నాలు తమలపాకు చుట్టుకుంటూ దాన్ని తీసి చూసుకునేదట. ఆమె పోయాకే అది ట్రంకుపెట్టెలోకి చేరింది.

మామూ ఏమీ అనలేదు. చాలాసేపు కార్డు వైపే చూశాడు. ఆ సంగతి ఆయనకి గుర్తు లేదా, గుర్తుండీ చెప్పలేదా, మేం అడగలేదు.

ఇదే మాకు దొరికిన జవాబు. నానీమా పర్దాని వదిలిపెట్టలేదు, దాని లోపల దాక్కోనూ లేదు. తీసిన చెయ్యి ఆమెది, కప్పిన చెయ్యి ఆమెది. తన ముఖం మిగలాలని ఆమె కోరుకుంది. ఆ కోరిక ఆమె నోటితో చెప్పింది. ఆమె పరువు కాపాడుతున్నామని ఇరవై ఏళ్లు ఆ ముఖాన్ని పెట్టె అడుగున పెట్టింది మేం. పరువు పేరున మేం చేసింది మరుపు.

అయితే ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. నానీమా తన ముఖం తన వాళ్లకి గుర్తుండాలని కోరుకుంది. విశాఖలో టిక్కెట్టు కొని వచ్చేవాళ్ల సంగతి ఆమె అనలేదు. మామూ ప్రశ్నలో ఆ భాగం ఇంకా నిలబడే ఉంది. ఈ మాట పిల్లతో చెప్పాం. పిల్ల ఆలోచించి, ముందు ఇంట్లో వేస్తాను, ఇంట్లోవాళ్లు చూశాక ప్రదర్శన సంగతి మాట్లాడదాం అంది. మేం ఆ పిల్ల వయసులో ఉంటే అంత ఓపిక చూపించేవాళ్లం కాదు.

రెండు నెలలు వేసింది. గినెవ్రా వెనక ఉన్న చెట్టు చోట మా పెరటి మునగచెట్టు వచ్చింది. ఒంటి మీద పొందూరు గుడ్డ. వాలుగ చేప దవడ ఎముకతో పత్తి ఏకి, చేత్తో వడికి నేసిన గుడ్డ అది. అయిదు పూటలా నమాజుకి నానీమా అదే కప్పుకునేది. ఆ నేత పల్చదనం రావడానికి పిల్ల నాలుగుసార్లు చెరిపి వేసింది. గినెవ్రా పోగొట్టుకున్న చేతుల్ని నానీమాకి పెట్టింది. ఒక చెయ్యి ఒళ్లో ఉంది, రెండోది చెంప దగ్గర గుడ్డ అంచుని పట్టుకుని ఉంది. తీస్తోందో వేసుకుంటోందో చెప్పలేం. అది ఆమె ఇష్టం.

బక్రీద్‌కి అందరం శ్రీకాకుళంలో కలిశాం. బొమ్మని లోపలి గదిలో, పాన్‌దాన్ ఉండే అలమారు పైన ఆనించి పెట్టారు. మామూ నమాజు నుంచి వచ్చి, టోపీ కూడా తియ్యకుండా గుమ్మంలో నిలబడ్డాడు. మేం ఊపిరి బిగబట్టాం. కాసేపు చూసి, "ముక్కుపుడక ఎడమ పక్క కాదే, కుడి పక్క. కార్డులో కనపడదు. మీకెవరికీ తెలీదు" అన్నాడు. పిల్ల అప్పుడే రంగులపెట్టె తెచ్చుకుంది. మామూ పక్కన కూర్చుని ఎక్కడో వేలు పెట్టి చూపించాడు.

ప్రదర్శన సంగతి ఇంకా తేలలేదు. తేలేది మా ఇంట్లోనే. మీరు మమ్మల్ని జాలితో గీయొద్దు, భయంతో గీయొద్దు. మాలోనివాళ్లు పరువు పేరుతో మమ్మల్ని చెరపొద్దు. మా అమ్మల ముఖాలు మాకే సరిగ్గా గుర్తు లేవు. ముందు అవి గుర్తు చేసుకునే పని మాకుంది. ముక్కుపుడక ఏ పక్క ఉండేదో చెప్పగలిగిన మనిషి ఒక్కరైనా ఉన్నప్పుడే ఆ పని అవ్వాలి.